పార్వతీశం సినిమా ఎక్కడ దాక్కుంది?

సంపాదకుడికి,

పోయిన ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద మొక్కపాటి నరసింహశాస్త్రి గారి హాస్య నవల 'బారిస్టర్ పార్వతీశం' మళ్ళీ కొన్నాను. ఇది మూడో ప్రతి. ఎవరో ఒకరు చదివి ఇస్తామని పట్టుకుపోవడం, నేను మళ్ళీ కొనడం మా ఇంట్లో మామూలే. ఈసారి మా అమ్మాయి చదివి, "దీన్ని సినిమా తీస్తే ఎంత బాగుంటుంది నాన్నా!" అంది. 1940లోనే తీశారన్నాను. "అయితే పెట్టండి, చూద్దాం" అంది. ఫోను, కంప్యూటరు, పాత సీడీల కొట్లు అన్నీ గాలించాం. దొరకలేదు.

ఆ సినిమాలో పార్వతీశంగా వేసింది లంకా సత్యం. నటి జి. వరలక్ష్మికి అది తొలి చిత్రం. దర్శకుడు ఆర్. ప్రకాష్, తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య నాయుడు గారి కుమారుడు. తండ్రి పేరిట ఏళ్ళ తరబడి ప్రభుత్వ అవార్డు ఇచ్చుకున్నాం. కొడుకు తీసిన సినిమా ఏమైందని మాత్రం అడగలేదు. మొగల్తూరు నుంచి బయలుదేరి, ఆడవాళ్ళ టోపీ నెత్తిన పెట్టుకుని ఇంగ్లండు దాకా వెళ్ళిన ఆ అమాయకుడి గొంతు తెరమీద ఎలా పలికిందో వినాలని ఉంది. గోదావరి మాటతీరును అచ్చులోని అక్షరం సగమే పట్టుకోగలదు.

నాటి ఫిలిం నైట్రేటుది. ఇట్టే అంటుకునేది, చల్లగా దాచకపోతే బంకలా మారి చివరికి పొడి అయ్యేది. పైగా అందులో వెండి ఉండేది కాబట్టి, ఆడటం అయిపోయిన ప్రింట్లను వెండి కోసం కరిగించేవారు. తొలి తెలుగు టాకీ, 1932 నాటి 'భక్త ప్రహ్లాద'కే ప్రింటు మిగలలేదు. దేవుడి సినిమాకే దిక్కులేనప్పుడు నవ్వించే సినిమాను ఎవరు దాస్తారు?

పుణెలో జాతీయ ఫిలిం ఆర్కైవ్ 1964 నుంచీ ఉంది. భాషా సాంస్కృతిక శాఖ వారు అక్కడివారితో మాట్లాడి, 1950కి ముందు వచ్చిన తెలుగు సినిమాల్లో ఏవి మిగిలాయో, ఏ స్థితిలో ఉన్నాయో జాబితా ప్రకటించాలి. పాత పంపిణీదారుల ఇళ్ళల్లో అటకల మీద డబ్బాలేమైనా ఉంటే తెచ్చి ఇమ్మని పత్రికల్లో పిలుపునివ్వాలి. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు, ఒక గుమాస్తా, ఒక టెలిఫోను చాలు. పార్వతీశం దొరికితే రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ థియేటర్లో ఒక్క ఆట వేయండి. టికెట్టు కొనుక్కుని వస్తాం.

– ఒక పాఠకుడు, చిక్కడపల్లి, హైదరాబాద్