టూల్‌పాత్ చూపిస్తే చాలదు, మెషిన్ మోడల్ కూడా కట్టించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ ఆదేశాలతో చెక్క కోసే మెషిన్) నేర్పేచోట చాలావరకు సిమ్యులేషన్ అంటే స్క్రీన్ మీద కట్టర్ ఒక్కటే తన దారి (టూల్‌పాత్) వెంట గాల్లో తిరుగుతూ చెక్క కోస్తున్నట్టు చూపించి వదిలేస్తున్నారు. తప్పేం చూపించలేదు కదా అని పిల్లలు నేరుగా మెషిన్ దగ్గరకి పోతారు, కానీ గుద్దుకునేది చాలాసార్లు కట్టర్ కాదండి, కట్టర్‌ని పట్టుకునే కొలెట్ నట్టు వెళ్లి చెక్కని బిగించిన క్లాంపుకి తగుల్తుంది, లేకపోతే లోతుగా దిగినప్పుడు పొట్టు లాగే డస్ట్ షూ చెక్క పక్క గోడకి ఆనుతుంది, ఒక్కోసారి జెడ్‌కి (పైకీ కిందకీ కదిలే అక్షానికి) అంత ప్రయాణమే ఉండదు. ఇవన్నీ ముందే తెలియాలంటే మెషిన్ మొత్తాన్ని కంప్యూటర్‌లో కట్టాలి, అదీ నేర్చుకునేవాళ్లే కట్టాలి అని నా గట్టి అభిప్రాయం.

ఇదేం పెద్ద బ్రహ్మవిద్య కాదు. బోల్టులూ కేబుళ్లూ గీయక్కర్లేదు, తగిలే అవకాశం ఉన్నవి మాత్రం టేపు, వెర్నియర్ పట్టుకుని కొలిచి పెట్టాలి. అసలు పని ఏది దేని మీద కూర్చుందో చెప్పడంలో ఉంది: కదలని బెడ్, దానిమీద వంతెనలా ఉండే గ్యాంట్రీ, గ్యాంట్రీ మీద అడ్డంగా జరిగే క్యారేజ్, దానికి జెడ్, జెడ్‌కి కట్టర్‌ని తిప్పే స్పిండిల్, చివర్న టూల్. బెడ్డే కదిలే మెషిన్ అయితే ఇక్కడే తికమక, ఎందుకంటే ప్రోగ్రాంలో దిశలన్నీ టూల్ కదుల్తున్నట్టే రాస్తాం, కాబట్టి వై ప్లస్ అన్నప్పుడు మోడల్‌లో బెడ్ మైనస్ వైపుకి జరగాలి. ఇది ఒక్కసారి చేత్తో సరిచేసుకున్న కుర్రాడికి అక్షాల గురించి మళ్లీ క్లాస్ పీకక్కర్లేదు!

తర్వాత ప్రతి అక్షానికీ లిమిట్లు, మెషిన్ జీరో (మెషిన్ కొలతలు మొదలయ్యేచోటు), జీ54 ఆఫ్‌సెట్ (అక్కడి నుంచి చెక్క జీరో ఎంత దూరమో) పెట్టాలి. మోడల్‌లో చెక్క పెట్టినచోటు, బెడ్ మీద బిగించినచోటు ఒకటి కాకపోతే ఆ సిమ్యులేషన్‌ని నమ్మడానికి లేదు. నడపాల్సింది కూడా పోస్ట్ ప్రాసెసర్ (టూల్‌పాత్‌ని మన మెషిన్ భాషలోకి మార్చేది) నుంచి వచ్చిన ఫైనల్ జీ-కోడ్‌నే, అంటే మెషిన్ చదివే ప్రోగ్రాంనే, టూల్‌పాత్ తయారుచేసే క్యామ్ సాఫ్ట్‌వేర్ లోపలి గీతల్ని కాదు. కొన్ని కంట్రోలర్లలో జీ0 (కోయకుండా వేగంగా జరగమనే ఆదేశం) ఇస్తే ఒక్కో అక్షం తన ఫుల్ స్పీడ్‌లో పోతుంది, తక్కువ దూరం ఉన్నది ముందే ఆగిపోతుంది, అంటే దారి మధ్యలో వంగుతుంది, స్క్రీన్ మీద తిన్నగా కనిపించిన గీత దగ్గర్లోని క్లాంపు మీదుగా పోవచ్చు. మన కంట్రోలర్ ఏం చేస్తుందో మాన్యువల్‌లో చూసి మోడల్‌లో అలాగే పెట్టాలి.

ఖర్చు సాకు కూడా వద్దు. లినక్స్‌సీఎన్‌సీ అనే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌తో విస్మాక్ అనే మెషిన్ బొమ్మలు కట్టే సాధనం ఉచితంగానే వస్తుంది, పైథాన్ ప్రోగ్రాంలో పెట్టెలూ సిలిండర్లూ పేర్చి మెషిన్ బొమ్మ తయారుచేస్తే కంట్రోలర్‌తో పాటే కదుల్తుంది.

టూల్ వంగడం, చెక్క సడలడం, స్టెప్పర్ మోటార్ స్టెప్పులు మిస్సవడం లాంటివి ఇలాంటి మోడల్‌లో కనిపించవు. అందుకని సిమ్యులేషన్ అయ్యాక కూడా మొదటిసారి జెడ్ పైకి లేపి గాల్లోనే ఒక రౌండ్ నడపాలి, చెయ్యి ఎమర్జెన్సీ స్టాప్ దగ్గరే ఉండాలి. మీ చదువుల పేజీలో దీని గురించి వివరంగా రాయించండి సార్.

ఇట్లు,
ఒక రౌటర్ ఆపరేటర్