పేగు వైఫల్యాన్నీ అవయవ వైఫల్యంగానే చూడాలి

సంపాదకులకు నమస్కారం.

మూత్రపిండాలు పాడైతే డయాలసిస్ చేయించాలని పల్లెల్లో కూడా అందరికీ తెలుసు. చిన్నపేగు పనిచేయకపోతే ఏం చేయాలో మాత్రం మా తమ్ముడికి జబ్బు చేసేదాకా చదువుకున్న మాకే తెలియదు. పేగుకు రక్తం తీసుకెళ్లే ధమనిలో గడ్డ అడ్డుపడి, చచ్చుబడిన భాగాన్ని కోసి తీసేశాక, సుమారు 6 మీటర్ల చిన్నపేగులో అతనికి మిగిలింది ఒక మీటరు లోపే.

ఇంటికి పంపుతూ ఆసుపత్రివారు చెప్పింది ఒక్కటే, నీళ్లు బాగా తాగించమని. తాగించినకొద్దీ, కోసిన పేగు చివరను పొట్టమీదికి తెచ్చి అక్కడ తగిలించిన సంచి నిండిపోయేది, అతని దాహం ఇంకా పెరిగేది. పేగు పొట్టిదైనప్పుడు ఉప్పులేని నీళ్లు తాగితే ఒంట్లోని సోడియమే పేగులోకి ఊరి నీటితోపాటు బయటికి పోతుందని, అందుచేత మంచినీళ్లు, కొబ్బరినీళ్లు, పళ్లరసాలు బాగా తగ్గించి, ఉప్పు, గ్లూకోజు కలిసిన ఓఆర్ఎస్‌ను డాక్టరు చెప్పిన పాళ్లలో గుటకలుగా తాగించాలని మరో ఊరి జీర్ణకోశ వైద్యులు వివరించేసరికి అతని మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఆ నాలుగు మాటలు డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాసి ఉంటే ఆ నష్టం జరిగేది కాదు.

తిన్నది ఒంటికి పట్టనివారికి గుండె దగ్గరి పెద్ద సిరలోకి సన్నని గొట్టం వేసి పోషకద్రవం ఎక్కిస్తారు. 1960ల చివర్లో ఫిలడెల్ఫియాలో స్టాన్లీ డడ్రిక్, ఆయన సహచరులు ఒక పసిపాపను ఈ పద్ధతితోనే పెంచి చూపారు. రాత్రిపూట పది, పన్నెండు గంటలు ఇంట్లోనే ఎక్కించుకుని పగలు పనికి వెళ్లేవారు అనేక దేశాల్లో ఉన్నారు. అయితే గొట్టం పట్టుకునే చేతులు శుభ్రంగా లేకపోతే సూక్ష్మజీవులు నేరుగా రక్తంలో చేరతాయి కనుక, చలిజ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏళ్ల తరబడి ఎక్కిస్తే కాలేయమూ దెబ్బతినవచ్చు. మిగిలిన పేగు రెండేళ్లపాటు క్రమంగా శక్తి పుంజుకుంటుంది కాబట్టి, పెద్దపేగుతో తిరిగి కలిపాక కొందరికి ఈ గొట్టం అవసరమే తీరిపోతుంది. మా తమ్ముడు ఇప్పుడు వారానికి మూడు రాత్రులు ఈ ద్రవం ఎక్కించుకుంటున్నాడు.

ఆ ద్రవం, గొట్టం సామగ్రి కోసం మేము పొలం అమ్మాము. డయాలసిస్‌కు అండగా నిలిచిన రెండు తెలుగు ప్రభుత్వాలు ఇంటివద్ద ఇచ్చే ఈ పోషణ ఖర్చునూ భరించాలని, ప్రతి బోధనాసుపత్రిలో రోగి ఇంటివారికి గొట్టం శుభ్రత నేర్పే నర్సు ఒకరైనా ఉండేలా చూడాలని వేడుకుంటున్నాను.

— ఒక పాఠకురాలు, ఏలూరు