మేరీ రాబిన్సన్ ప్రదర్శనకు సాయం చేసిన అందరికీ

అందరికీ నమస్కారం. మేయో కౌంటీలోని మా ఊరి లైబ్రరీలో మేరీ రాబిన్సన్ మీద పెట్టిన చిన్న ప్రదర్శన నిన్నటితో ముగిసింది. ఈ మేయో ఆడబిడ్డ ఐర్లాండ్‌కు మొదటి మహిళా అధ్యక్షురాలు ఎలా అయ్యారో ఇక్కడ పెరుగుతున్న మన పిల్లలకు చూపించాలని నా కోరిక. కోరిక నాదే గానీ, అక్కడ పెట్టిన వాటిలో ఒక్కటీ నాది కాదు. అన్నీ మీరు ఇచ్చినవే.

ముందుగా మా వీధి చివర ఉండే పెద్దావిడకు నమస్కారాలు. 1990లో రాబిన్సన్ కోసం ఇంటింటికీ తిరిగినప్పుడు కోటుకు పెట్టుకున్న బ్యాడ్జీ, పంచగా మిగిలిన కరపత్రాలు ఇన్నేళ్లూ బీరువాలో భద్రంగా ఉంచారు. అడగ్గానే ఫైలంతా నా చేతికి ఇచ్చేశారు. ఎన్నికల కాగితాలు పోలింగ్ అయిపోగానే చెత్తలోకి పోతాయి. ఆవిడ లాంటి వాళ్లు దాచబట్టే ఆ కాలం మన కళ్లకు కనిపిస్తోంది. పక్కనే కూర్చుని ఒక్కో కాగితం గురించీ చెప్పారు కూడా. లేబర్ పార్టీ బలపరిచిన రాబిన్సన్ గెలుస్తారని మొదట్లో నమ్మినవాళ్లు తక్కువట. అయినా ఆమె అందరికంటే ముందుగా, మే నెలలోనే బయల్దేరి, వెస్ట్ కార్క్ కొసన ఉన్న అలిహీస్ లాంటి మారుమూల ఊళ్లకు కూడా వెళ్లారు.

ఓట్ల లెక్క విడమరిచి చెప్పిన రిటైర్డ్ మాస్టారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో లాగే ఇక్కడా 1, 2, 3 అని ప్రాధాన్యత అంకెలు వేస్తారు. మొదటి లెక్కింపులో ప్రత్యర్థి బ్రయన్ లెనిహన్‌కు 44 శాతం, రాబిన్సన్‌కు 39 శాతం వచ్చాయి. గెలవాలంటే సగానికి పైగా రావాలి, అది ఎవరికీ రాలేదు. మూడో స్థానంలో ఉన్న ఆస్టిన్ కర్రీని తొలగించి, ఆయన బ్యాలెట్లలోని రెండో ప్రాధాన్యతలు లెక్కపెడితే ఎక్కువ భాగం రాబిన్సన్‌కే వెళ్లాయి. ఆమె గెలిచారు! మాస్టారు రంగు కాగితాలతో ఆ లెక్కింపంతా పిల్లల చేతే చేయించారు. ప్రదర్శన మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే.

బల్లినాలో డాక్టర్ దంపతులకు పుట్టడం, పాతికేళ్లకే డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో లా ప్రొఫెసర్ కావడం, ఇరవై ఏళ్లు సెనేటర్‌గా ఉండటం, 1997లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల హైకమిషనర్ పదవికి వెళ్లడం... ఇవన్నీ తెలుగులో రాసి, ప్రింట్లు తీయించి, ఫ్రేములు కట్టించిన మన తెలుగు అక్కలకు, తమ్ముళ్లకు చాలా థాంక్స్. నైట్ డ్యూటీ చేసి వచ్చి కూడా నిచ్చెన ఎక్కి మేకులు కొట్టారు మీరు. ముందు రోజు దాకా నాకున్న టెన్షన్ మీ వల్లే పోయింది.

అధ్యక్ష భవనం కిటికీలో రాబిన్సన్ వెలిగించి ఉంచిన దీపం గురించి చాలామంది అడిగారు. బతుకుతెరువు కోసం దేశం వదిలి వెళ్లిన ఐరిష్ వాళ్లను ఇల్లు మరచిపోలేదని చెప్పడానికి పెట్టిన దీపం అది. ఆ ఫోటో దగ్గర మన ఊళ్ల నుంచి వచ్చిన అమ్మానాన్నలు చాలాసేపు నిలబడ్డారు. ఆ ఫోటో పెట్టమని సలహా ఇచ్చిన లైబ్రరీ మేడమ్‌కు నా నమస్సులు.

ఎవరి వస్తువులు వాళ్లకు శనివారం నేనే ఇంటికి తెచ్చి ఇస్తాను. కరపత్రాలు మడత పడకుండా అట్టల మధ్య పెట్టాను. దయచేసి వాటిని అలాగే ఉంచండి, ఎండ తగలనివ్వకండి.