కాలువ తవ్వారు, పలకలు మరిచారు

సంపాదకులకు,

మాది మాధవధారలో కొండవాలు వీధి. వాన పడితే పైనుంచి దిగే నీరు మా గుమ్మాల ముందునుంచే గెడ్డలోకి పోవాలి. పాత కాలువ చాలదని నాలుగు నెలల కిందట తవ్వితే సంతోషించాం. గోడలు కట్టారు గానీ పైన పలకలు వేయకుండానే వెళ్లిపోయారు. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ ఇంట్లోకి రావాలంటే చెక్క మీద నడవాలి. ఆ చెక్క కూడా మా పాత మంచానిదే.

సోమవారం అర్జీ ఇచ్చాను. పది రోజులకు ‘సమస్య పరిష్కారమైంది’ అని మెసేజ్ వచ్చింది! మళ్లీ వెళితే, బిల్లు రాక కాంట్రాక్టర్ రావడం లేదన్నారు. ఆ మాటే ముందు చెప్పొచ్చు కదా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసినవాళ్లం. ఈ అక్టోబరులోపు పలకలైనా వేయించండి.

– ఒక విశ్రాంత ఉద్యోగి, మాధవధార, విశాఖపట్నం