"చూద్దాంలే" అంటే సరిపోదండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏ దేశంవాళ్లు అనిశ్చితిని ఎంత తట్టుకోలేరో హోఫ్‌స్టెడ్ అనే డచ్ ప్రొఫెసర్ లెక్కేస్తే జపాన్‌కి 92, మనకి 40 వచ్చాయి, అంటే రేపేమవుద్దో తెలీకపోయినా మనం "చూద్దాంలే" అని సర్దుకుపోతాం, వాళ్లు ముందే రూలు రాసుకుంటారు. ఆ సర్దుకుపోయే గుణం నాకూ ఇష్టమే. కానీ 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి మా సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు, ఇంట్లో గ్యాస్ బండ నీళ్లలో తేలుతుంటే అమ్మని చెయ్యి పట్టుకుని మేడెక్కించాను, ఎటు పోవాలో ముందురోజు చెప్పినవాళ్లే లేరు. జపాన్‌లో 1923 భూకంపం గుర్తుగా ఏటా సరిగ్గా అదే సెప్టెంబర్ 1న డ్రిల్ చేస్తారు, బడిపిల్లలు సైతం బల్లల కింద దూరి ప్రాక్టీస్ చేస్తారు. మన వార్డుల్లో కూడా వానాకాలం ముందు ఒక్కపూట అలా చేయించండి, పడవ ఎక్కడికొస్తుందో, పెద్దవాళ్లని ఏ మేడ మీదకి చేర్చాలో అందరికీ తెలియాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ