ప్రత్యర్థి జట్టు కోచ్‌కు, ఆయన అభిమానులకు మా కుటుంబం కృతజ్ఞతలు

మా నాయన ప్రాణం నిలబడటానికి కారణమైన తిరుపతిలోని, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు లివర్‌పూల్‌ను అభిమానించేవారికి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఆరు వారాలుగా అనుకుంటున్నాను. నాయన కోలుకుని, డిసెంబరు 14న మైదానం దాకా వచ్చి కుర్చీలో కూర్చున్న తరువాతే రాయాలని ఇన్నాళ్ళూ ఆగాను. ఈ కృతజ్ఞతల్లో మొదటి వాటా మాత్రం మా ఊరితో ఏ సంబంధమూ లేని ఒక పెద్దమనిషికి దక్కాలి. ఆయన లివర్‌పూల్ జట్టు మాజీ కోచ్ జెరార్ హూలియే. 2020 డిసెంబరు 14న, 73 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు.

నేను లివర్‌పూల్‌కు ప్రత్యర్థి అయిన మాంచెస్టర్ యునైటెడ్ అభిమానిని. 1999 మే 26న బార్సిలోనాలో బయర్న్ మ్యూనిక్ చేతిలో ఓడిపోయినట్టే కనిపించిన యునైటెడ్, ఇంజురీ టైమ్‌లో, అంటే ఆట చివర కలిపే అదనపు నిమిషాల్లో, రెండు గోల్స్ కొట్టి యూరప్ విజేతగా నిలిచింది. ఆ అర్ధరాత్రి నుంచి ఆ జట్టును నా సొంతం అనుకుంటూ వచ్చాను. యునైటెడ్ అభిమానికి లివర్‌పూల్ అంటే ఏమిటో ఆట చూసేవారికి వివరించి చెప్పనక్కరలేదు. ఆ రెండు ఊళ్ళ మధ్య దూరం తిరుపతికీ చిత్తూరుకూ ఉన్న దూరం కంటే తక్కువే అయినా, వాటి జట్ల మధ్య వైరం తరాలుగా సాగుతోంది. అలాంటి వైరంలో నన్ను అందరికంటే ఎక్కువ బాధపెట్టిన కోచ్ హూలియేనే.

ఆ బాధ ఊరికే కలిగింది కాదు. 2000 డిసెంబరులో మా సొంత మైదానమైన ఓల్డ్ ట్రాఫోర్డ్‌కు వచ్చి, లివర్‌పూల్ ఆటగాడు డానీ మర్ఫీ ఫ్రీకిక్‌తో 1-0 తేడాతో ఓడించారు. 2002 జనవరిలో మళ్ళీ అదే మైదానం, అదే మర్ఫీ, అదే 1-0. 2004 ఏప్రిల్‌లో మూడోసారి కూడా అచ్చంగా అలాగే జరిగింది. 2003 మార్చిలో కార్డిఫ్‌లో జరిగిన లీగ్ కప్ ఫైనల్లో లివర్‌పూల్ ఆటగాళ్ళు జెరార్డ్, ఓవెన్ చెరొక గోల్ కొట్టి మా నోట మాట లేకుండా చేశారు. ఆ రోజుల్లో మ్యాచ్ అయిన మరుసటి ఉదయం బాలాజీ కాలనీలోని టీకొట్టు వైపు వెళ్ళడానికి నాకు కాళ్ళు ఆడేవి కావు. అక్కడ జిరాక్స్ దుకాణం నడిపే లివర్‌పూల్ తమ్ముడు నా కోసం కాచుకుని ఉండేవాడు. ఇరవై ఏళ్ళకు పైగా మా ఇద్దరి పరిచయమంతా వాదులాటే. ఈ ఉత్తరం ప్రధానంగా ఆ తమ్ముడి కోసమే.

మొన్న కార్తీక మాసంలో ఒక సోమవారం తెల్లవారుజామున మా నాయన ఎప్పటిలాగే కపిలతీర్థానికి వెళ్ళి, స్నానం చేసి, దీపం పెట్టి బయటికి వస్తూ గేటు పక్కన అరుగు మీద కూలబడ్డారు. ఛాతీలో మొదలైన నొప్పి రెండు రెక్కల మధ్య నుంచి వీపులోకి దిగుతోందని, గుడ్డను రెండు చేతులా పట్టి చించినట్టు ఉందని చెప్పారు. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై రెండేళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. మాటను తూచి వాడతారు. దగ్గరలో తెరిచి ఉన్న ఒక చిన్న క్లినిక్‌కు తీసుకువెళితే ఈసీజీ తీసి, మార్పేమీ లేదని, ఉపవాసం వల్ల గ్యాసు పట్టి ఉంటుందని ఇంజెక్షన్ ఇచ్చి పంపేశారు. అరగంట గడవకముందే నొప్పి రెట్టింపై తిరిగి వచ్చింది. ఆ వేళ కారు ఉన్నవాళ్ళు ఎవరా అని ఆలోచిస్తే నాకు గుర్తొచ్చింది ఈ తమ్ముడే. ఫోన్ చేసిన పావుగంటలో కారుతో ఇంటి ముందుకు వచ్చాడు.

వెనక సీట్లో నాయనను పడుకోబెడుతుండగా ఆయన మళ్ళీ అదే మాట అన్నారు, చీలినట్టు ఉందని. తమ్ముడు వెనక్కి తిరిగి చూశాడు. "అన్నా, ఇది గ్యాసు కాదు. హూలియేకు వచ్చింది ఇదే అయ్యుండొచ్చు. నేరుగా పెద్దాసుపత్రికి పోదాం, సీటీ తీయమని మనమే అడుగుదాం" అన్నాడు. ఆ మాట వినగానే 2001 నాటి వార్త నాకూ గుర్తొచ్చింది. అది గుర్తురాగానే ఒళ్ళంతా చల్లబడింది.

2001 అక్టోబరు 13న లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో లీడ్స్ జట్టుతో ఆట జరుగుతుండగా, సగం ఆట విరామంలో హూలియేకు ఛాతీలో తీవ్రమైన నొప్పి వచ్చింది. ఆసుపత్రికి తరలించి చూస్తే గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని, అంటే అయోర్టా, లోపలి పొర చీలిందని తేలింది. ఆ చీలికలోంచి రక్తం ధమని గోడ పొరల మధ్యకు చొచ్చుకుపోతుంది. గుండెకు దగ్గరగా చీలితే వెంటనే శస్త్రచికిత్స చేయక తప్పదు. మొదటి రెండు రోజుల్లో గడిచే ప్రతి గంటకూ ప్రాణాపాయం ఒకటి రెండు శాతం చొప్పున పెరుగుతూ పోతుందని వైద్యులు చెబుతారు. ఈసీజీ మామూలుగా కనిపించవచ్చు కనుక చాలామంది దీన్ని గ్యాసు నొప్పిగానో కండరాల నొప్పిగానో పొరబడతారు. హూలియేకు శస్త్రచికిత్స పదకొండు గంటలు సాగింది.

మేము చేరిన పెద్దాసుపత్రి అత్యవసర విభాగంలో ఉన్న యువ వైద్యురాలు మా మాట ఓపికగా విన్నారు. నాయన రెండు చేతులకూ విడివిడిగా బీపీ చూశారు. కుడి చేతికీ ఎడమ చేతికీ తేడా చాలా ఉంది. ఆవిడ ముఖం మారడం, మరో మాట మాట్లాడకుండా స్ట్రెచర్‌ను తానే పట్టుకుని స్కానింగ్ గది వైపు నడవడం నాకు కళ్ళకు కట్టినట్టు ఉంది. సీటీలో చీలిక స్పష్టంగా కనిపించింది. చీలిన భాగాన్ని తీసివేసి కృత్రిమ గొట్టం అమర్చాలని, చాలా గంటలు పడుతుందని, రక్తం ఎక్కువగా కావాలని సర్జన్‌గారు చెప్పారు. బ్లడ్ బ్యాంకు తమ దగ్గర ఉన్న నిల్వ నుంచి వెంటనే ఇస్తామని, బదులుగా దాతలను సాయంత్రంలోపు తీసుకురావాలని కోరింది.

నేను సంతకాలు పెడుతూ ఉండగానే తమ్ముడు వరండాలోకి వెళ్ళి ఫోన్లు చేశాడు. గంటన్నరలో తొమ్మిది మంది వచ్చారు. ఒక్కరు కూడా నాకు దగ్గరివారు కారు. లివర్‌పూల్ మ్యాచ్ ఉన్న రాత్రుల్లో ఒక చోట చేరేవారు, అంతే. కొర్లగుంట నుంచి ఒకరు, బైరాగిపట్టెడ నుంచి ఇద్దరు, డ్యూటీ మధ్యలో సెలవు చెప్పి రేణిగుంట నుంచి ఒకరు వచ్చారు. ఈ మధ్యే పచ్చబొట్టు పొడిపించుకున్నందుకు ఒకరిని, హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్నందుకు ఇంకొకరిని వెనక్కి పంపితే, వారిద్దరూ ఏదో తప్పు చేసినట్టు నా దగ్గరికి వచ్చి క్షమించమన్నారు. మిగిలిన ఏడుగురూ రక్తం ఇచ్చారు. ఒక కుర్రవాడు వీపు మీద 17 అంకె ఉన్న పాత జెరార్డ్ జెర్సీ వేసుకుని వచ్చాడు. మంచం మీద పడుకుని రబ్బరు బంతిని పిండుతూ, విడుస్తూ, గొట్టంలోంచి సంచిలోకి దిగుతున్న రక్తాన్ని కన్నార్పకుండా చూస్తున్నాడు. లేచాక మోచేతి మడతలో దూదిని నొక్కి పట్టుకునే నా దగ్గరికి వచ్చి, "అంకుల్ ఎలా ఉన్నారన్నా?" అని అడిగాడు. అప్పటికి మా నాయన ముఖమైనా ఆ అబ్బాయి చూసి ఉండలేదు.

శస్త్రచికిత్స తొమ్మిది గంటలు జరిగింది. ఆ తొమ్మిది గంటలూ తమ్ముడు నా పక్కనే కూర్చుని హూలియే కథ చెప్పాడు. అయిదు నెలల తరువాత, 2002 మార్చి 19న, రోమాతో ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌కు ఆయన ముందుగా ప్రకటించకుండా ఆన్‌ఫీల్డ్‌కు తిరిగి వచ్చి నిలబడ్డారని, ముందుకు వెళ్ళాలంటే రెండు గోల్స్ తేడాతో గెలిచి తీరవలసిన ఆ ఆటలో జట్టు సరిగ్గా 2-0తో గెలిచిందని చెప్పాడు. అంతకు ముందటి ఏడాది ఒకే సీజన్లో లీగ్ కప్, ఎఫ్ఏ కప్, యుయెఫా కప్ మూడూ గెలిచిన సంగతి చెప్పాడు. డార్ట్‌మండ్‌లో అలవేస్ మీద 5-4తో గెలిచిన ఫైనల్ గురించి గోల్ గోల్‌గా వివరించాడు. హూలియే తిరిగి వచ్చిన 2001-02 సీజన్ ముగిసేసరికి లీగ్‌లో లివర్‌పూల్ 80 పాయింట్లతో రెండో స్థానంలోనూ, మేము 77తో మూడో స్థానంలోనూ ఉన్నామని నాకు బాగా గుర్తు. మామూలుగా అయితే ఆ మాట తప్పకుండా ఎత్తేవాడు. ఆ రోజు ఎత్తలేదు. 2020లో గుండెకు మళ్ళీ శస్త్రచికిత్స జరిగిన కొద్ది రోజులకే హూలియే చనిపోయారన్న సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఆ మాటా ఇద్దరం అనలేదు. "పదకొండు గంటలు పట్టినా ఆయన లేచి వచ్చినాడన్నా" అని మాత్రం రాత్రి ఎనిమిదింటికి ఇంకోసారి అన్నాడు. ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో మమ్మల్ని అన్నిసార్లు ఓడించిన జట్టు కోచ్ బతికి బయటపడిన కథే ఆ రాత్రి నాకు దిక్కయింది.

నాయన స్పృహలోకి వచ్చి, మాట్లాడగలిగిన నాలుగో రోజున, ఇదంతా ఎలా జరిగిందో చెబితే, "ఎవరాయన?" అని అడిగారు. హూలియే ఫ్రాన్స్‌లో పుట్టారని, ఇంగ్లీషు చదువుకున్నారని, 1969-70లో లివర్‌పూల్‌లోని ఆల్సాప్ స్కూల్లో సహాయ ఉపాధ్యాయుడిగా పనిచేశారని చెప్పాను. ఆ రోజుల్లోనే ఆయన మామూలు ప్రేక్షకులతో కలిసి ఆన్‌ఫీల్డ్‌లో నిలబడి, లివర్‌పూల్ 10-0తో డండాక్‌ను ఓడించిన ఆట చూశారు. ముప్పై ఏళ్ళు తిరగకుండానే అదే జట్టుకు కోచ్ అయ్యారు. నాయనకు ఆట మీద ఆసక్తి లేదు. మూడు కప్పుల గురించి చెబితే ఊరికే విన్నారు. "మాస్టారా!" అని మాత్రం రెండుసార్లు అన్నారు.

డిసెంబరు 14న హూలియే వర్ధంతి జరుపుదామని, దాన్ని యునైటెడ్ అభిమానులమే పూనుకుని చేద్దామని నేను మావాళ్ళతో అన్నప్పుడు కొందరు ఒప్పుకోలేదు. లివర్‌పూల్ కోచ్ కోసం మనం లేచి నిలబడటమేమిటని అడిగారు. అలా అనడం తప్పని నేను అనుకోను, ఆరు వారాల క్రితం నేనూ అదే అడిగేవాణ్ణి. 2018 మేలో మా జట్టు మాజీ కోచ్ అలెక్స్ ఫెర్గూసన్‌కు మెదడులో రక్తస్రావమై ప్రాణాపాయ స్థితిలో ఉన్నప్పుడు, ఈ జిరాక్స్ తమ్ముడే ప్రతి రోజూ నన్ను ఆపి ఆయన ఎలా ఉన్నారని అడిగేవాడని గుర్తు చేశాను. హూలియే పోయినప్పుడు ఫెర్గూసన్ ఆయనను మంచి మిత్రుడిగా స్మరించుకున్న సంగతీ చెప్పాను. చివరికి పదహారు మందిమి వచ్చాము.

ఎస్వీ యూనివర్సిటీ మైదానంలో పొద్దున ఏడింటికి, శేషాచలం కొండల మీద మంచు ఇంకా విడవకముందే, రెండు జట్ల అభిమానులమూ వరుసగా నిలబడి ఒక నిమిషం మౌనం పాటించాము. రెండు జట్ల రంగూ ఎరుపే కావడంతో ఎవరు ఎవరో నాయనకు తెలియలేదు. డాక్టరుగారు అనుమతించిన అరగంటా ఆయన శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చున్నారు. హూలియే ఫోటో కింద పెట్టడానికి అట్ట మీద పేరు రాయమని ముందు రోజు ఆయననే అడిగాము. చెయ్యి ఇంకా కొద్దిగా వణుకుతున్నా, స్కేలుతో రెండు గీతలు గీసుకుని, నల్లబల్ల మీద రాసే గుండ్రటి అక్షరాలతో జెరార్ హూలియే అని రాశారు. దాని కింద, మేము చెప్పకుండానే, ఉపాధ్యాయుడు అని చేర్చారు. కోచ్ అన్న మాట ఎక్కడా లేదు. లివర్‌పూల్ తమ్ముళ్ళు దాన్ని మార్చనివ్వలేదు. ఆ తరువాత మాలో పన్నెండు మందిమి బ్లడ్ బ్యాంకుకు వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చాము.

సమయానికి నమ్మి పరీక్షించిన ఆ యువ వైద్యురాలికి, సర్జన్‌గారికి, ఆయన బృందానికి, ఐసీయూలో రాత్రులు మేలుకున్న నర్సమ్మలకు, బ్లడ్ బ్యాంకు సిబ్బందికి మా అమ్మ, నేను, మా చెల్లెలు చేతులెత్తి నమస్కరిస్తున్నాము. రక్తం ఇచ్చిన ఏడుగురికి, ఇవ్వలేకపోయినా రాత్రి దాకా మాతోనే ఉండిపోయిన ఇద్దరికి మా ఇంటి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. జిరాక్స్ తమ్ముడూ, ఆ రాత్రి ఏసీ హాలులో చలికి వణుకుతున్న మా అమ్మ భుజాల మీద నువ్వు కప్పిన లివర్‌పూల్ మఫ్లరు ఇంకా మా ఇంట్లోనే ఉంది. అమ్మ దాన్ని ఉతికి, మడతపెట్టి, దేవుడి అలమరలో పెట్టింది. వచ్చే ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రా, తన చేత్తోనే నీకు ఇస్తానంటోంది.