నోటీసు రాకముందే కట్టినవాళ్లకి వడ్డీ మాఫీ ఎందుకు లేదు?

సంపాదకుల వారికి నమస్కారం.

మాది తెనాలిలో చిన్న హార్డ్‌వేర్ షాపు. 2018 నవంబరులో ఒక కాంట్రాక్టరుకి పైపులు, పెయింట్లు కలిపి రూ.2.78 లక్షల సరుకు ఇచ్చాం. పాత బిల్లు పుస్తకంలో చివరి బిల్లు అది, మర్నాటి నుంచి కొత్త పుస్తకం, ఆ సందులో అదొక్కటీ జీఎస్టీ రిటర్న్‌లోకి ఎక్కలేదు. 2020 డిసెంబరులో వార్షిక రిటర్న్ కోసం లెక్కలు సరిచూస్తుంటే బయటపడింది. నోటీసు వచ్చాక చూద్దాంలే అని మా ఆడిటర్ గారూ అనలేదు, నేనూ అనలేదు. ఆ వారంలోనే, మనంతట మనం పన్ను కట్టేటప్పుడు వేసే ఫారం డీఆర్‌సీ-03 వేసి పన్ను రూ.50 వేలు, దానిమీద 18 శాతం చొప్పున రెండేళ్ల వడ్డీ రూ.18 వేలు కట్టేశాను. మాలాంటి షాపుకి రూ.18 వేలంటే ఇద్దరు కుర్రాళ్ల జీతం.

ప్రభుత్వం సొమ్ము రెండేళ్లు నా దగ్గర ఉండిపోయింది కాబట్టి వడ్డీ కట్టాలి, కాదనను. ముందే కట్టినందుకు పెనాల్టీ కూడా పడలేదు. కానీ 2024లో జీఎస్టీ చట్టంలో 128ఏ సెక్షన్ తెచ్చి, 2017-18 నుంచి 2019-20 వరకు మూడేళ్ల బకాయిల మీద, మోసం ఆరోపణ లేని కేసుల్లో నోటీసులు అందుకున్నవాళ్లు 2025 మార్చి 31లోగా అసలు పన్ను కడితే చాలు, వడ్డీ, పెనాల్టీ మాఫీ అన్నారు. అప్పటికే వడ్డీ కట్టేసినవాళ్లకి మాత్రం తిరిగి ఇవ్వరని అదే సెక్షన్‌లో రాశారు. అంటే నాలాంటి పొరపాటే చేసి, నోటీసు వచ్చేదాకా ఊరుకున్నవాడికి వడ్డీ లేదు, నేను కట్టింది మాత్రం పోయినట్టే. ఇది నాకు నిజంగా బాధగా ఉంది. పైగా మాకు రావాల్సిన రీఫండ్ 60 రోజులు దాటినా వాళ్లిచ్చే వడ్డీ మామూలుగా 6 శాతమే.

ఆ మూడేళ్లకి సంబంధించి తమంతట తాము కట్టినవాళ్ల వడ్డీని కనీసం జీఎస్టీ పోర్టల్‌లో పన్ను కట్టడానికి వాళ్లకుండే ఖాతాలో, అంటే క్యాష్ లెడ్జర్‌లో జమ చెయ్యాలి. ఇకమీదట నోటీసుకి ముందే కట్టేవాళ్లకి వడ్డీ రేటు తగ్గించాలి. మన రెండు రాష్ట్రాల ప్రతినిధులూ జీఎస్టీ కౌన్సిల్‌లో ఉన్నారు, దయచేసి ఈ మాట అక్కడ ఎత్తండి. ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి కొత్తగా విచారణ కూడా అక్కర్లేదు, నా డీఆర్‌సీ-03లో కట్టిన తేదీ, పక్కనే ‘వాలంటరీ’ అనే మాట ఇప్పటికీ పోర్టల్‌లో కనిపిస్తున్నాయి.

– ఒక హార్డ్‌వేర్ వ్యాపారి, తెనాలి